శుభకార్య పరిశ్రమ

మా జిల్లాలో ఏ పరిశ్రమకు ముందుగా పెట్టుబడి పెట్టాలో తేల్చడానికి ప్రభుత్వం ఒక విభాగాన్ని నెలకొల్పింది. విభాగమంటే ఒక డైరెక్టరు, ఒక గణాంక సహాయకుడు, ఒక అటెండరు, ఒక కూలరు. కూలరు పనిచేసేది కాదు. గణాంక సహాయకుణ్ణి నేను.

అంతకుముందు పెట్టుబడులు ఎలా పంచేవారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొబ్బరిపీచుతో తాళ్లు పేనేవాళ్లు వచ్చి యంత్రం పాడైందంటే, ఎవరో ఒకరు సైకిలేసుకుని వెళ్లి చూసి, నిజంగానే పాడైతే డబ్బిప్పించేవారు. ఇందులో శాస్త్రం ఏముంది? మా డైరెక్టరు పరాంకుశం గారు వచ్చాకే జిల్లాకు శాస్త్రం వచ్చింది. ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లి ఒక బ్యాగు, ఒక పెన్ను, ఐదు ప్రమాణాలు తెచ్చుకున్నారు.

పెట్టిన రూపాయికి ఎంత వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది, రాకుండా పోయే ప్రమాదం ఎంత, ముడిసరుకు ఎక్కణ్ణించి వస్తుంది, యంత్రసామగ్రి ఎంత కావాలి. ఇవీ ఆ ఐదు. మొత్తం నూరు మార్కులు. నలభై దాటి మొదటి స్థానంలో నిలిచిన పరిశ్రమకు నిధి మొత్తం ఇచ్చేస్తారు. మిగిలినవాటికి అభినందన పత్రం ఇస్తారు.

"మనిషి ముఖం చూడకూడదయ్యా," అన్నారు పరాంకుశం గారు మొదటిరోజే. "ముఖం చూస్తే జాలి పుడుతుంది. జాలి అనేది ఆర్థిక సూచిక కాదు."

అప్పటినుంచి మేం ఎవరి ముఖమూ చూడలేదు. కొబ్బరికి మార్కులు తగ్గాయి, చెట్టు కాపుకొచ్చేదాకా ఆగాలి కనక. పెంకుల బట్టీలకు తగ్గాయి, బంకమన్ను తవ్వుకోవాలి కనక. లేసు అల్లే ఆడవాళ్లకు మరీ తగ్గాయి. వాళ్లు అల్లిక మధ్యలో లేచి అత్తెసరు పెట్టి వస్తున్నట్టు సర్వేలో తేలింది. యంత్రం అలా లేచి వెళ్లదు కదా.

కొత్తమెరక నుంచి సాలాది నూకరత్నం వచ్చింది ఆ రోజుల్లోనే. వాళ్ల వీధి ఆడవాళ్లంతా కలిసి మామిడి తాండ్ర చేస్తారు. మామిడిరసంలో పంచదార కలిపి చాపల మీద పోసి, ఎండలో ఆరాక దానిమీద మళ్లీ పోసి, అలా పొర మీద పొర పెంచుకుంటూ పోతారు. నడివేసవిలో ఒక్క వాన పడితే పని మొత్తం మట్టిపాలు. మొన్న వేసవిలో అలాగే పడింది. తడిసిన తాండ్రకు బూజుపట్టి గేదెలు కూడా ముట్టలేదట. ఎండ లోపలికి దిగే రేకులు కప్పిన షెడ్డు ఒకటి వేసుకుంటే బతికిపోతామని, సగం డబ్బు తాము కూడబెట్టుకున్నామని, మిగతా సగం ఇప్పించమని ఆవిడ అడిగింది. వచ్చే వేసవిలో కూడా తడిస్తే ఇక తాండ్ర మానేసి, అందరూ రొయ్యల షెడ్లలో తలలు వలిచే పనికి పోవాల్సిందేనంది.

పరాంకుశం గారు నాలుగో ప్రమాణం తీశారు.

"ముడిసరుకుల్లో ఎండ కూడా ఉంది కదా. ఎండ ఎవరు సరఫరా చేస్తారు?"

నూకరత్నం నా వైపు చూసింది. నేను కూలరు వైపు చూశాను.

"సూరీడండి," అంది.

"ఒప్పందం ఉందా?"

"ఎవరితోనండి?"

"సరఫరాదారుతో."

"ఆయ్, ఆయన రోజూ వత్తాడండి. మా అమ్మమ్మ కాడ్నించీ వత్తన్నాడండి."

"అది అలవాటమ్మా. అలవాటు వేరు, ఒప్పందం వేరు. సంతకం లేని సరఫరాను సరఫరాగా పరిగణించడం సాధ్యపడదు."

తాండ్రకు పదకొండు మార్కులు వచ్చాయి. ఆ పదకొండూ దరఖాస్తు నీటుగా నింపినందుకు. నూకరత్నం అభినందన పత్రం మడిచి సంచిలో పెట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. అది కూడా ఆర్థిక సూచిక కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఇలా జిల్లాలోని పరిశ్రమలన్నీ తప్పాయి. అన్నిటికంటే పైనున్నదానికి కూడా నలభై దాటలేదు. నిధి అలాగే ఉండిపోయింది. పైనుంచి ఎందుకు ఖర్చు పెట్టలేదని ఉత్తరాల మీద ఉత్తరాలు రావడం మొదలైంది. ఆ దిగులులో ఉండగా మా అటెండరు వీరాస్వామి మనవడి పంచెకట్టు ఫంక్షనుకు ఆఫీసంతా వెళ్లాం. ఆఫీసంతా అంటే డైరెక్టరు గారూ నేనూ.

పరాంకుశం గారు ఉద్యోగరీత్యా చాలా ఊళ్లు తిరిగిన మనిషి. ఏ ఊళ్లోనూ ఎవరైనా ఇంటికి పిలిచేంత పరిచయం ఆయనకు ఏర్పడలేదు. పలావు తింటున్న ఆయన చెయ్యి మధ్యలో ఆగింది.

"ఆ మైకులో ఆయన ఏం చదువుతున్నాడు?"

"చదివింపులు సార్. వచ్చినవాళ్లు ఎంత ఇచ్చారో పేరుతో సహా చదువుతారు."

"ఇది ప్రతి ఫంక్షనుకూ జరుగుతుందా?"

"జరుగుతుంది సార్."

ఆయన ఎడంచేత్తో నా జేబులో పెన్ను లాక్కుని, విస్తరి పక్కనున్న పేపరు రుమాలు మీద లెక్కలు వెయ్యసాగారు. పందిరికి, పలావుకు పెట్టినదానికి రెండింతలు పైనే వస్తోంది. అదీ పొద్దు గుంకేలోపు వచ్చేస్తోంది. ముడిసరుకు, అంటే అతిథులు, తమ బస్సు చార్జీలు తామే పెట్టుకుని వస్తున్నారు. యంత్రసామగ్రి అంటే ఒక మైకు, అదీ అద్దెది. ఇచ్చినవాడి పేరు ఊరంతా వింటోంది గనక ఎగ్గొట్టే ప్రసక్తి లేదు.

"సార్," అన్నాను, "అది వీరాస్వామికి వచ్చిన లాభం కాదండి. ఇదివరకు ఆయన పెట్టింది వాళ్లు తిరిగి పెడుతున్నారు. కొందరు కొత్తగా పెడితే, వాళ్లింట్లో కార్యమప్పుడు ఈయన కాస్త పైన వేసి పెట్టాలి. ఎదురు చదివింపులంటారు. ఒకరకంగా అప్పండి."

"అప్పయితే పత్రం ఉండాలి. ఉందా?"

"లేదండి."

"గడువు? వడ్డీ? సాక్షి సంతకం?"

"లేవండి."

"సంతకం లేని ఎండ ఎండ కానప్పుడు, సంతకం లేని అప్పు అప్పెలా అవుతుందయ్యా? ఇది ఉత్పత్తి."

మర్నాడు మార్కులు వేశాం. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. విస్తరాకుల దగ్గర కుక్కలు కొట్లాడుకున్నందుకు పర్యావరణ కారణాల మీద రెండు మార్కులు తగ్గించారు. ఆయన నిష్పక్షపాతి అని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

నిధి మొత్తం శుభకార్య పరిశ్రమకు మంజూరైంది. ఫంక్షను చేసుకునే ప్రతి కుటుంబానికీ పందిరికి, పలావుకు సగం ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. సర్క్యులరు నేనే టైపు చేశాను. "పైన ఉదహరించిన విషయమై తెలియజేయునదేమనగా, శుభకార్యము అనగా ఒక పందిరి, ఒక మైకు, తగినంతమంది అతిథులు కలిగిన ఏదేని సముదాయము. సందర్భము ఉండుట అభిలషణీయము, కానీ తప్పనిసరి కాదు." ఈ చివరి వాక్యం జిల్లా చరిత్రను మార్చేసింది.

మొదట ఓణీలు, పంచెలు, చెవులు కుట్టడాలు అయిపోయాయి. ఆ తర్వాత బోరులో నీళ్లు పడ్డందుకు, గేదె ఈనినందుకు, మోటారు సైకిలుకు ఇన్సూరెన్సు కట్టినందుకు పందిళ్లు లేచాయి. ఒకాయన తన కాలి కురుపు మానినందుకు చేశాడు. ఆ కాలు అందరికీ కనపడేలా స్టేజీ మీద కుర్చీలో పెట్టుకుని కూర్చున్నాడు, జనం వరసగా వెళ్లి అక్షింతలు వేశారు. తాళ్లు పేనే చోటు ఫంక్షను హాలైంది. పెంకుల బట్టీ గొట్టానికి సీరియల్ లైట్లు చుట్టారు. బంకమన్ను తవ్వేవాళ్లు ఐస్‌క్రీము కప్పులు అందిస్తున్నారు.

ఉత్పత్తి నెలనెలా రెట్టింపయ్యేది. కాకపోతే చదివించే డబ్బు ఒక పందిట్లోంచి ఇంకో పందిట్లోకి పోతోందే తప్ప పెరగడం లేదని నాకు అనుమానం వచ్చింది. భయపడుతూనే ఆ మాట చెప్పాను.

"రక్తం కూడా తిరుగుతూనే ఉంటుంది," అన్నారు పరాంకుశం గారు. "ఒంట్లో ఉన్నదే మళ్లీ మళ్లీ తిరుగుతోందని ఎవరైనా గుండె మీద ఫిర్యాదు చేశారా?"

నేను ఆ నెల ఉత్పత్తిని పట్టికలో ఎక్కించాను.

అసలు చిక్కు ముడిసరుకు దగ్గర వచ్చింది. అందరూ ఫంక్షన్లు చేసుకుంటుంటే వచ్చేవాళ్లు ఎవరు? ఒకే ముహూర్తానికి వీధికి నాలుగు పందిళ్లు. భర్త ఒక చోట, భార్య ఒక చోట, అత్తగారు ఇంకో చోట తిని వచ్చేవాళ్లు. పక్క జిల్లానుంచి బస్సుల్లో అతిథుల్ని దిగుమతి చేశాం. నాణ్యతా ప్రమాణాలు కూడా నిర్ణయించాం. తిని, చదివించి, వెంటనే వెళ్లిపోయేవాళ్లు ఒకటో రకం. చదివించి, క్యారియరులో కట్టించుకుని వెళ్లేవాళ్లు రెండో రకం. అల్లుళ్లు మూడో రకం. దిగుమతిలో మూడో రకం ఎక్కువగా కలుస్తోందని ఫిర్యాదులు వచ్చాయి.

ఇన్ని జరిగినా మొండి బకాయి ఒక్కటీ లేదు. అదే మా గొప్ప. పెట్టినవాళ్లందరికీ ఎదురు చదివింపులు ముట్టాయి, పుస్తెలు తాకట్టు పెట్టయినా సరే ముట్టాయి. దేశంలో ఏ బ్యాంకూ ఇంత చెప్పుకోలేదు. రాజధానినుంచి అవార్డు కబురు వచ్చింది. రెండు షరతులు పెట్టారు. ఏడాది లక్ష్యం పూర్తికావాలి, మొండి బకాయి సున్నాయే ఉండాలి.

మార్చి నెలాఖరుకు చూసుకుంటే లక్ష్యానికి ఒక్క ఫంక్షను తగ్గింది. జిల్లా అంతా గాలించాం. ఎవరూ మిగల్లేదు, కొత్తమెరకలో తాండ్రవీధి తప్ప. వాళ్లు ఒక్క ఫంక్షనూ చెయ్యలేదు. నూకరత్నాన్ని పిలిపించాం.

"ఏవమ్మా, ప్రభుత్వమే సగం పెట్టుకుంటానంటుంటే మీకు బాధేమిటి?" అని గదిమారు పరాంకుశం గారు.

"తిన్నోళ్లందరికీ తిరిగి పెట్టలేవండి. మాకు షెడ్డే కావాలండి. మామిడి దిగబోతందండి."

"షెడ్డు పదకొండు మార్కులమ్మా. నేనేం చెయ్యను?" అంటూ ఆయన లక్ష్యాల పట్టికను చేతికి అందినంత దూరం చాపి, కళ్లు చికిలించి చూశారు.

నూకరత్నం ఆయన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"తవరికి చత్వారం వచ్చినట్టుందండి," అంది.

"వచ్చింది. కళ్లజోడుకు ఇచ్చాను. రేపు వస్తుంది."

"మరింకేవండి! కొత్తగా కళ్లజోడు పెట్టుకోడవంటే మాటలాండి? తవరింట్లో ఇంతవరకూ ఏ కార్యవూ జరగలేదు కదండి. తవరే చేసేయండి. మేవంతా వత్తావండి."

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. అంత సంతోషంలో ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ప్రభుత్వోద్యోగి కానుకలు తీసుకోకూడదనే నియమం ఒకటుందని గుర్తుచేశాను. అది కానుక కాదు, ఉత్పత్తి అని ఆయన తనకు తనే ఒక వివరణ రాసుకుని, తనే ఆమోదించారు. వచ్చినదంతా ఉత్పత్తి పద్దు కింద ఖజానాకు జమచేస్తానని అందులో హామీ కూడా ఇచ్చారు. ఆయన నిజాయితీపరుడు. మా కష్టాలన్నిటికీ మూలం అదే.

'కళ్లజోడు ధారణ మహోత్సవం' స్టేడియంలో జరిగింది. వెండిపళ్లెంలో పట్టుగుడ్డ మీద కళ్లజోడు పెట్టి, సన్నాయి వాయిస్తుంటే ముత్తైదువులు తీసుకొచ్చారు. పురోహితుడు దానికి సరిపోయే మంత్రం దొరక్క ప్రయాణానికి చెప్పే మంత్రం చదివాడు. పరాంకుశం గారు కళ్లజోడు పెట్టుకుని, అద్దాల పైనుంచి ఎదురుగా ఉన్న జనాన్ని మొదటిసారి పరీక్షగా చూసి, "ఇంతమందా!" అన్నారు.

జిల్లా జిల్లా అంతా వచ్చింది. మైకు అప్పలకొండ చదివి చదివి గొంతు పోగొట్టుకుంటే వాళ్ల తమ్ముడు అందుకున్నాడు. ఎవరూ నూటపదహార్లతో సరిపెట్టలేదు. తాండ్రవీధి ఆడవాళ్లు వరసలో నిలబడి, చీర కొంగుల్లోంచి మూటలు విప్పి, పేరుపేరునా చదివించారు. ఆ మొత్తాలు వింటూనే నాకు అర్థమైంది. అది షెడ్డు కోసం వాళ్లు కూడబెట్టుకున్న డబ్బు.

నూకరత్నాన్ని పక్కకు పిలిచాను. "నీకేమైనా మతిపోయిందా? అదంతా ఖజానాలో పడిపోతుంది. ఆయనకు బదిలీ అయితే మీ గతేంటి?"

"ఎక్కడికెళ్లినా జీతవొచ్చే మనిషండి," అంది ఆవిడ. "బ్యాంకోడు మాకు ఇయ్యననొచ్చండి. తిన్న చదివింపులకి ఎదురు పెట్టనని ఇంతవరకూ ఎవరూ అన్లేదండి."

చుట్టూ చూశాను. వరసలో నిలబడ్డ ప్రతివాడి మొహంలోనూ అదే తృప్తి. ఏడాదిగా ఒకరికొకరు బాకీపడి నలిగిపోయిన జనానికి, ఇన్నాళ్లకు గవర్నమెంటు జీతగాడొకడు దొరికాడు.

లక్ష్యం పూర్తయింది. డబ్బు ఖజానాకు చేరింది. వారం తిరక్కుండా శుభలేఖలు రావడం మొదలైంది. మొదట పోస్టుమాను తెచ్చాడు. తర్వాత ఆటోలో తెచ్చాడు. అన్నిటి మీదా పసుపు బొట్లు, అన్నిటి మీదా "శ్రీ పరాంకుశం గారు, సకుటుంబ సపరివారంగా". ఒక్కో శుభలేఖతో పాటు మనిషి కూడా వచ్చి, "ఆ రోజు మేం ఎంత చదివించావో తవరికి గురుతుండే ఉంటాది సార్," అని నవ్వి వెళ్లేవాడు.

పరాంకుశం గారు ఖజానాకు ఉత్తరం రాశారు, డబ్బు వెనక్కి ఇమ్మని. చదివింపులు అప్పు కాదు గనక తిరిగి చెల్లించే పద్దు లేదని, ఈ విషయంలో మీ సర్క్యులరునే చూడవలసిందని వాళ్లు జవాబిచ్చారు.

"పెట్టకపోతే ఏమవుతుందయ్యా?" అని నన్ను అడిగారు.

"మొండి బకాయి నమోదవుతుందండి. జిల్లాలో మొదటిది. మూడో ప్రమాణంలో మార్కులు పూర్తిగా పోతాయండి. అవార్డు తనిఖీ బృందం నెలాఖరుకు వస్తోంది."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ప్రావిడెంటు ఫండులో అప్పుకు దరఖాస్తు చేశారు. కారు అమ్మారు. ఆ తర్వాత ఏ ఫంక్షనుకైనా బస్సులోనే వెళ్లేవారు, నేను పక్క సీట్లో. తొలిసారిగా ఆయన కొబ్బరి తోటల్లోకి, బట్టీల దగ్గరికి, లేసు అల్లే ఇళ్లలోకి వెళ్లారు. ఒక ఇంట్లో మంచినీళ్లిచ్చిన ముసలమ్మను పేరడిగారు. నేను విన్నాను.

కొత్తమెరక ఫంక్షను ఉత్త నేలమీద జరిగింది. షెడ్డుకు శంకుస్థాపన. తాండ్రవీధి ఆడవాళ్లంతా కలిసి ఒకే కార్యం పెట్టుకున్నారు, కానీ ఎవరి చదివింపులు వాళ్లవి. పరాంకుశం గారు ఒక్కొక్కరి పేరునా, వాళ్లు పెట్టినదానిమీద, ఆ ఏడు పెరిగిన ఆనవాయితీ ప్రకారం, మరో అంత పైన వేసి చదివించారు. అప్పలకొండ కోలుకున్న గొంతుతో మైకులో అరిచాడు. నేను లెక్క చూశాను. వాళ్లు కూడబెట్టిన సగం వెనక్కి వచ్చింది, పైవేసినది కలిపితే రేకులకు, ఇనప స్తంభాలకు సరిపోయింది. చేతికి వచ్చింది చేతికి వచ్చినట్టే మేస్త్రీకి ఇచ్చేశారు.

తనిఖీ బృందం వచ్చి, బకాయి సున్నా అని రాసుకుని, అవార్డు ఇచ్చి వెళ్లింది. పరాంకుశం గారు దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన దంచికొట్టింది. మా ఆఫీసు కిటికీ తలుపులు ఊడిపోయాయి. నాకు తాండ్ర మీదే ధ్యాస. మర్నాడు ఆఫీసుకు వచ్చేసరికి నూకరత్నం వరండాలో నిలబడి ఉంది, చేతిలో అరిటాకు పొట్లంతో. నవ్వుతోంది. ఒక్క చాప కూడా తడవలేదంది. నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

పరాంకుశం గారు తాండ్రముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. "బాగుందమ్మా," అన్నారు. అంతకుమించి ఏ ప్రమాణమూ ఎత్తలేదు. "ఇంతటితో మీకూ నాకూ చెల్లు కదా?"

"అదేంటండి అలాగంటారు?" అంది నూకరత్నం నొచ్చుకుని. "మేం పెట్టినదానికి పైనేసి పెట్టారు కదండి. ఆ పైది మా మీద ఉండిపోయిందండి. మళ్లా తవరింట్లో కార్యవైతే మేవూ పైనేసి పెట్టాలండి. పెద్దోరి బాకీ ఉంచుకోవండి మేవు."

"నా ఇంట్లో ఇక ఏ కార్యమూ లేదు!" అని అరిచారు పరాంకుశం గారు.

ఆవిడ తొణకలేదు. దవడ పక్కకు తిప్పి అవస్థగా తాండ్ర నములుతున్న ఆయన వైపు జాలిగా చూసింది.

"కట్టుడు పళ్లు ఎప్పుడు పెట్టించుకుంటారండి?"